పిల్లకు పంపిన నీళ్లు

మొన్న వంటింటి అటక దింపించాను. చెద పట్టిందని, ఇంకా ఊరుకుంటే దూలాన్నే తినేస్తుందని వడ్రంగి భయపెట్టాడు. సొట్టపోయిన ఇత్తడి గంగాళం, పలకని రేడియో, నేను డ్యూటీ చేసిన రోజుల నాటి గొడుగు కడ్డీలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. వాటి వెనకాల మూలన ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. రెండు లీటర్లది, వెడల్పు మూతది. దాని మీద చెరగని సిరాతో గుండ్రటి అక్షరాలు: భద్రాచలం, ఎడమ గట్టు, నది మధ్య. తేదీ కోసం వదిలిన గీత ఖాళీగానే ఉంది. ఊపితే లోపల ఏదో గలగలలాడింది. మూత తీయకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. డెబ్బై దాటిన నన్ను అది మళ్లీ ఆనాటి రాజమండ్రి బస్సులో కూర్చోబెట్టింది. ఇన్నేళ్లయినా ఆ బెంగ చెదకు దొరకలేదు.

నేను గోదావరి గట్టున గేజీ రీడర్‌గా బతికినవాణ్ని. గట్టుకు పాతిన అడుగుల బద్ద మీద నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో చూసి, వరద రోజుల్లో గంటగంటకూ వైర్‌లెస్‌లో పైవాళ్లకు చెప్పడం నా పని. బడి అయిదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను. ఆఫీసువాళ్లు తూకానికి వేయబోయిన పాత పుస్తకాలు, పల్లీల పొట్లం విప్పితే వచ్చే ఇంగ్లీషు పేపరు ముక్కలు, పాస్టరుగారు ఇచ్చిన అట్టలేని నిఘంటువు, ఇవే నా కాలేజీ. ముప్పై ఏళ్ల నౌకరీలో ఎంతమంది ఇంజనీర్లు వచ్చిపోయారో లెక్కలేదు. ఈ అంకెలు ఎవరికి, దేనికి అని అడిగితే, "నీకెందుకు యాకోబూ, చూసింది చెప్పు చాలు" అన్నవాళ్లే అందరూ. మెడలోతు నీళ్లలో నిలబడి చదివిన అంకె వాళ్ల రిపోర్టులో అచ్చయ్యేది. చదివినవాడి పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆ కోపం నా దగ్గర ఇంకా పచ్చిగానే ఉంది. దాచుకోవాలని కూడా అనుకోను.

వానాకాలం మా ఇంటి వాసనంతా నీళ్లదే. గోదావరి ఎర్రబడగానే అమ్మ కుండలు బయటికి తీసేది. అమ్మ పేరు సుందరమ్మ. అప్పటికే ఎనభైకి దగ్గర పడింది. వీధిలో కుళాయి వచ్చి ఎన్నో ఏళ్లయినా ఆ నీళ్లు నోట పెట్టేది కాదు. "మందు కంపు, దవాఖానాల తాగినట్టుంటది" అనేది. నది నుంచి తెచ్చిన ఎర్రనీళ్లను కుండల్లో పోసి, చిల్లగింజను సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని కుండలో కలిపి మూతపెట్టేది. చిల్లగింజలు సంతలో అడవి పల్లెల ఆడవాళ్లు దోసిళ్లతో కొలిచి అమ్మేవాళ్లు. కొన్ని గంటలకు మట్టంతా అడుక్కు దిగి, పైన నీళ్లు అద్దంలా తేరేవి. ఆ తేటను మరో కుండలోకి వంచడం ఒక విద్య. ఊపిరి బిగబట్టి, కుండను చంటిపిల్లలా వంచి, మట్టి కదలబోయే క్షణాన ఆపేసేది. చిన్నప్పుడు ఆ సమయంలో నేను తుమ్మితే వీపు మోగేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ నీళ్లే ఇచ్చేది. మబ్బు నీళ్లు ఇచ్చిన ఇల్లు మర్యాద లేని ఇల్లని ఆమె లెక్క.

ఆ ఇంటికి వచ్చింది కరుణ. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. సెల్‌ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే మోగడం మొదలుపెట్టాయి. దమ్మపేట బస్టాండు పక్కన బట్టలు కుట్టే దేవదానం కూతురు. మాదీ అతనిదీ ఒకే చర్చి సంఘం, నన్ను అన్నా అంటాడు. ఈ పిల్ల విశాఖపట్నం వెళ్లి సముద్రం గురించి పరిశోధన చేస్తోందంటే చర్చిలో అందరికీ నవ్వులాటగా ఉండేది. "దమ్మపేటల చెరువు ఎండితే నీళ్లు లేవు, నీకు సముద్రమెందుకే" అని పెద్దాడవాళ్లు ఏడిపించేవాళ్లు. ఆమె నవ్వి, "సముద్రం అడుగున ఉన్నది మన మట్టే పెద్దమ్మా" అనేది. మన అడవిలో, చేలలో కోసుకుపోయిన ఒండ్రును గోదావరి మోసుకెళ్లి సముద్రంలో వేస్తుంది. ఆ ఒండ్రు ఏటా ఎంత పోతోందో తెలిస్తే తీరం పెరుగుతుందా, తరుగుతుందా, అక్కడి చేపకు తిండి ఉంటుందా అన్నది తెలుస్తుంది. దానికోసం వారానికి రెండుసార్లు నది మధ్యలో నీళ్లు పట్టి పంపే మనిషి కావాలి. పదిరోజులు మా ఇంట్లో ఉండి, పడవ మీద నన్ను తీసుకెళ్లి, డబ్బాను నీళ్లలోకి రెండు బారల లోతు దించి మూత ఎలా తెరవాలో నేర్పింది. అంతకన్నా ముఖ్యం, ఎందుకో చెప్పింది. గట్టు మీద కూర్చొని, ఇసుకలో సముద్రం గీసి, చెప్పింది. నా జన్మలో నాకు ఎందుకో చెప్పిన మొదటి చదువుకున్న మనిషి ఆమే. "నీ పేరు కూడా పేపర్‌లో వేస్తా పెదనాన్నా" అంది. ఆ మాటతో నేను నేల మీద నడవలేదు.

ఆమె వెళ్తూ, డబ్బాలను బస్సు పార్శిల్ వేసేదాకా ఎండ తగలకుండా చల్లని చోట పెట్టమంది. మా ఇంట్లో చల్లని చోటంటే అమ్మ నీళ్లకుండల మూల. అక్కడే పెట్టాను. "ఏంది రా ఈ డబ్బాలు?" అని అమ్మ అడిగింది. "పిల్ల కోసం" అన్నాను. "పిల్లకెందుకు?" అంది. "నీకెందుకమ్మా, ఊకో" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందని అప్పుడు నాకు వినపడలేదు.

ఎండల్లోనే మొదలుపెట్టి, ఆ వానాకాలమంతా పట్టాను. ఉరుముల్లో పడవ నడపనని పడవవాడు మొరాయిస్తే తిట్టి, బతిమాలి తీసుకెళ్లాను. దసరా అయ్యాక కరుణ ఫోన్ చేసింది. "పెదనాన్నా, వరదల్లో కూడా మట్టి చాలా తక్కువ కనపడుతోంది. నది మధ్యలోనే పడుతున్నవు కదా?" అంది. నాకు నషాళానికి అంటింది. "నన్నే అనుమానిస్తవా? ముప్పై ఏళ్ల నుంచి గోదావరిని చూస్తున్నోణ్ని" అన్నాను. ఆమె సారీ చెప్పి ఊరుకుంది. ఎర్రగా, చిక్కగా పారిన నీళ్లు నా కళ్లతో నేను చూశాను. అయినా వాళ్ల మిషను తక్కువంటే తక్కువేనేమో అనుకున్నాను. సొంతంగా చదువుకున్నవాడికి ఇదొక జబ్బు, కంటికంటే కాగితాన్ని ఎక్కువ నమ్ముతాడు. ఆమె చేత పరిశోధన చేయించే గైడు ప్రొఫెసరుకు మాత్రం ఈ ఫలితం ముచ్చటేసింది. ఎగువ ఆనకట్టలు ఒండ్రునంతా ఆపేస్తున్నాయి, సముద్రానికి మట్టి అందడం లేదు, ఇది కొత్త సంగతి అన్నాడట. ఏటేటా సముద్ర శాస్త్రం వాళ్లంతా కలిసే సభలో ఆమె దీని మీద మాట్లాడాలన్నాడు. ఆ సభలో పెద్దలు పడుచువాళ్ల మాటలు విని, కొందరిని ఎంచి పరిశోధన ఓడ ఎక్కిస్తారు. రెండు నెలలు సముద్రం మీదే పని. ఓడ ఎక్కినవాళ్లకే ఆ లోకంలో ఉద్యోగం, మాట, పలుకుబడి. ఎక్కనివాళ్లు ఒడ్డున సీసాలు కడుగుతూ ముసలివాళ్లవుతారు. ఆడపిల్లకు, అందులోనూ దర్జీ కూతురికి, ఆ వరసలో నిలబడే వంతు ఎన్నిసార్లు వస్తుంది. నన్ను కూడా రమ్మంది. కాగితం మీద మూడో పేరు నాదేనంది.

బయలుదేరే రోజు పొద్దున అమ్మ నాకు సీసాలో తేటనీళ్లు పోసి ఇచ్చి, కొంగు ముడి విప్పి గుప్పెడు గింజలు చేతిలో పెట్టింది.

"ఇవి పిల్లకియ్యి."

"చిల్లగింజలా? ఎందుకు?"

"నా చేతులు గుంజుతున్నయి రా. ప్రతి డబ్బా తేర్చి నింపాలంటే కష్టమైతాంది. ఇగనుంచి ఆమెనే తేర్చుకోమను."

నా చేతిలో సంచి చేతిలోనే ఉండిపోయింది. "ఏ డబ్బాలు?" అన్నాను.

"నువ్వు పంపేటియి. సముద్రం కాడ నీళ్లు ఉప్పుంటయి గదా, తాగనీకే గదా పంపుతున్నవు. గా ఎర్రనీళ్లు గట్లనే పంపితే పిల్ల ఏం తాగుద్ది? మన ఇంట్ల ఉన్నప్పుడే కడుపు చెడి పండుకున్నది."

"ఎన్ని తేర్చినవమ్మా?"

"అన్నీ. వానలు పడ్డకాడి నుంచి. నువ్వు గేజీ కాడికి పోంగనే చేసేదాన్ని."

"మరి అడుగు మట్టి?"

"పొయ్యికి పూసిన. మంచి జిగురు మట్టి. చూడు, ఒక్క పగులన్న ఉన్నదేమో."

చూశాను. వెనక వసారాలో కట్టెలపొయ్యి ఎర్రగా, నున్నగా, పెళ్లింటి అరుగులా మెరుస్తోంది. నాలుగు నెలల గోదావరి మా పొయ్యి మీద ఉంది. కరుణ దాన్ని ఆనకట్టల్లో వెతుకుతోంది. అమ్మ నా ముఖం చూసి, "ఏమాయె రా?" అంది. ఏమీ లేదన్నాను. గింజలు జేబులో వేసుకొని బస్సెక్కాను.

దమ్మపేటలో బస్సు ఆగగానే దేవదానం కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో మడతపెట్టిన కోటు. వానకు తడవని గుడ్డ పైన, లోపల ఉన్ని. "అన్నా, ఓడ మీద గాలి బాగుంటదంట గద. డబుల్ కుట్టు ఏసిన. కొలత యాది మీద తీసిన, సరిపోద్దంటవా?"

"సరిపోద్ది."

"ఓడ ఎక్కుడు ఖాయమేనా అన్నా? వాళ్లమ్మ రోజూ ప్రార్థన పెడుతుంది."

"చూద్దాం."

"నువ్వేంది గట్లున్నవు, ఒంట్లో బాలేదా?"

"డీజిల్ వాసన పడుతలేదు."

జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. బస్సు కదిలింది. అశ్వారావుపేట మామిడి తోటలు, జీడి తోటలు, పామాయిల్ తోటలు దాటాయి. ఒళ్లో ఆ కోటు బియ్యం బస్తాలా బరువెక్కింది. చెప్పాలి అనుకుంటే దేవదానం ముఖం కళ్ల ముందుకొచ్చేది. చెప్పకూడదు అనుకుంటే ఎర్రటి పొయ్యి కనపడేది. రైలెక్కడానికి రాజమండ్రిలో దిగేముందు, బస్సు వంతెన ఎక్కగానే గోదావరి కనపడింది. మొహం తిప్పుకున్నాను. ఒక నదికి జవాబు చెప్పలేక తల తిప్పుకోవడం నా జీవితంలో అదే మొదలు.

విశాఖలో సభ జరిగే చోట గేటు దగ్గర ఒకతను నా పంచె, చెప్పులు చూసి, "డ్రైవర్లకు టిఫిన్లు వెనకవైపు" అన్నాడు. నేను డ్రైవర్ని కాదని చెప్పేలోపు కరుణ వచ్చి నా మెడలో పేరున్న బిళ్ల వేసింది. ఆ బిళ్ల మీద, తర్వాత గోడ మీది కార్యక్రమం కాగితంలో, నా పేరు అచ్చులో చూశాను. మూడో పేరు. ఇంటిపేరుతో సహా. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో. అక్కడే, ఆ కాగితం ముందే, చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. ఎన్ని తప్పుడు లెక్కలు పెద్ద పెద్ద సంతకాలతో పైకి వెళ్లడం నేను చూడలేదు. గట్టుకు రాకుండా రూములో కూర్చొని అంకెలు నింపినవాళ్లకు ప్రమోషన్లు రాలేదా. ఒక్క దర్జీ పిల్ల ఓడ ఎక్కితే గోదావరి ఎండిపోతుందా. న్యాయం గురించి కోపం ఉన్నవాడికి అన్యాయానికి సాకులు వెతకడం ఎంత తేలికో ఆరోజు నేర్చుకున్నాను. చుట్టూ కుర్రవాళ్లు ఒకరి చేతిలో ఒకరు కార్డులు పెట్టుకుంటూ, ఏ ఓడలో ఎవరెవరు వెళ్తున్నారో గుసగుసలాడుకుంటున్నారు. ఎవరు పిలిచినా నేను ఉలిక్కిపడుతున్నాను.

కరుణ వంతు ఇంక ఇరవై నిమిషాలు ఉందనగా, వరండాలో నా పక్కన వచ్చి కూర్చుంది. చేతిలో కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. దాహమేస్తోందంది. సంచిలోంచి అమ్మ ఇచ్చిన సీసా తీసి ఇచ్చాను. తాగింది. సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూసింది.

"ఎంత తేటగున్నయో నాయనమ్మ నీళ్లు. ఎట్ల చేస్తది పెదనాన్నా? నేను మీ ఇంట్ల ఉన్నప్పుడే అడుగుదామనుకున్న."

అబద్ధం చెప్పడానికి నా దగ్గర నిన్నటి నుంచి చేసిన సాధన ఉంది. అయినా చెయ్యి జేబులోకి పోయి గింజలు తీసింది. చెప్పాను. కుండల మూల, అమ్మ అనుకున్నది, పొయ్యి, అంతా. ఆమె వింటూ సీసా మూత మెల్లగా, చివరి మర దాకా తిప్పింది.

"అన్ని డబ్బాలా?"

"వానాకాలపువన్నీ."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న పొద్దున."

నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయలేను. "ఇంకెవరికి తెలుసు?" అంది.

"నీకూ నాకూ."

లోపల ఆమె పేరు పిలిచారు. లేచి వెళ్లింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నిజం చెప్తున్నాను, ఆమె రాసుకొచ్చిందే చదివేస్తే బాగుండునని సగం మనసు ప్రార్థిస్తోంది. తెర మీద మొదటి బొమ్మ వచ్చింది, పేర్లు మూడు కనపడ్డాయి. ఆమె గొంతు సవరించుకొని, వానాకాలపు నాలుగు నెలల లెక్కలను వెనక్కి తీసుకుంటున్నానని, ఆ నీళ్లు సేకరించాక ఇంట్లో తేర్చబడ్డాయని ఇప్పుడే తెలిసిందని చెప్పింది. ఎలా అని ఎవరో అడిగారు. చిల్లగింజతో అంది. నవ్వులు లేచాయి. ముందు వరసలో ఆమె గైడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ తల ఎత్తలేదు. నెరిసిన జుట్టు పెద్దావిడ ఒకరు మాత్రం నవ్వకుండా, "ఆ గింజ పేరు మళ్లీ చెప్పమ్మా" అని రాసుకుంది. మిగిలిన ఎండాకాలపు లెక్కలతో ఆమె నాలుగు నిమిషాల్లో ముగించింది. సాయంత్రం బోర్డు మీద ఓడ ఎక్కేవాళ్ల పేర్లు పెట్టారు. కరుణ పేరు లేదు. నేను రెండుసార్లు చదివాను, ఇంగ్లీషు నాకు సరిగా రాదేమోనని.

సముద్రం ఒడ్డున కూర్చున్నాం. నేను సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి, చూసినట్టే లేదు. తండ్రి కుట్టిన కోటు ఇచ్చాను. వేసుకుంది. చేతులు పొడుగయ్యాయి. "నావల్లనే పోయింది బిడ్డా" అన్నాను.

"నువ్వు తర్వాత చెప్పి ఉంటే నేను దొంగనయ్యేదాన్ని. కానీ నిన్ననే ఫోన్ చెయ్యాల్సింది" అంది. కోటు చేతులు పైకి మడుచుకుంటూ, "పదిరోజులు ఆమె చేతి అన్నం తిన్న. ఆ డబ్బాలెందుకో నాయనమ్మకు నేనూ చెప్పలే. నువ్వూ చెప్పలేదా?" అంది.

"అడిగింది. నీకెందుకన్న."

ఆ మాట అన్నాకే అది నాకు వినపడింది. ముప్పై ఏళ్లు ఏ మాటకు నా ఒళ్లు మండిందో, అదే మాట నేను మా అమ్మకు విసిరాను. ఇంజనీర్ల మీద కోపం ఇప్పటికీ ఉందని ముందే చెప్పాను. అందులో నా వాటా కూడా కలిపే చెప్పాను.

ఇప్పుడు గోదావరి వంతెనకు ఒక పెట్టె బిగించారు. అదే నీళ్లను చూస్తుంది, అదే పైకి చెబుతుంది. గేజీ రీడర్ అక్కర్లేదు. దాన్ని బిగించిన కుర్రాణ్ని, ఇది మట్టిని కూడా కొలుస్తుందా బాబూ అని అడిగితే, "మీకెందుకు తాతా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కరుణ మరుసటి వానాకాలం మళ్లీ మొదలుపెట్టి, ఆ తర్వాత ఓడ ఎక్కింది. ఇప్పుడు ఆమె కింద పిల్లలు చదువుకుంటున్నారు. ఏ ఊళ్లో నీళ్లు పట్టే మనిషిని కుదుర్చుకున్నా, వాళ్లను ముందు ఆ ఇంటి వంటగదిలోకి పంపుతుందట. డబ్బా ఎక్కడ పెడతారు, దాని పక్కన ఎవరు మసులుతారు, వాళ్లకు సంగతి చెప్పారా లేదా చూసి రమ్మంటుందట. సముద్రం చదవడానికి వస్తే మమ్మల్ని ముసలమ్మల దగ్గర కూర్చోబెడుతుందని ఆ పిల్లలు గొణుగుతారని నవ్వుతూ చెప్పింది. గొణగనీ.

విశాఖ నుంచి వచ్చిన రోజు అమ్మను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అడవి, నది, ఒండ్రు, సముద్రం, ఓడ. కరుణ గీసినట్టే బూడిదలో గీసి చూపించాను. అంతా విని, "మట్టే కావాలంటే ముందే చెప్పొద్దా రా" అని కసిరింది. ఆ తర్వాత చాలాసేపు ఆ ఎర్రటి పొయ్యిని అరచేత్తో తడుముతూ కూర్చుంది. "మరి పిల్ల ఓడ?" అంది. ఈసారి లేదన్నాను. మర్నాడు ఖాళీ డబ్బా ఒకటి అడిగి తీసుకొని, సానరాయి పక్కనుండే గింజను, ఒకవైపు అరిగి బల్లపరుపైన దాన్ని, అందులో వేసి మూత బిగించింది. "అటక మీద పెట్టు. నా చెయ్యి ఊకుండదు, అందకుండ పెట్టు" అంది. మరి నువ్వేం తాగుతావంటే, తేటనీళ్ల కుండ బోర్లించింది.

తరువాతి వానాకాలం మొదటి డబ్బాలు బస్సుకు వేసి వచ్చేసరికి, వసారాలో కూర్చొని ఉంది. చేతిలో కుళాయి నీళ్ల గ్లాసు. ముక్కు చిట్లించి సగం తాగి ఆగింది.

"పిల్లకు మట్టి పోయిందా?" అని అడిగింది.

పోయిందన్నాను. మిగతా సగం కూడా తాగింది.